కరెంటు పోయినప్పటి కూలి

సభకు అధ్యక్షత వహిస్తున్న షావుకారు విశ్వనాథం గారికీ, మార్కెట్ కమిటీ పెద్దలకూ, జగిత్యాల మిత్రులకూ, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మన మిల్లు అమ్మలకూ నమస్కారం.

ఈ పప్పు మిల్లులో హాజరు గుమాస్తాగా పనిచేసి ఈరోజు విశ్రాంతి తీసుకుంటున్న దశరథం గారు మా బాపు. రేపటి నుంచి ఆయన కుర్చీలో నన్ను కూర్చోమని షావుకారు గారు దయతో అడిగారు. నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఆ ఆలస్యానికి మా ఇంట్లో వాళ్లకు తోచిన అర్థం వాళ్లు తీశారు. "కరీంనగర్ల బి.ఎ. సదివినంక పప్పు దుమ్ముల కూసునుడు దీనికి నామోషి అయితున్నది" అని మా అవ్వ వాడకట్టంతా చెప్పుకొచ్చింది. (నవ్వులు) ఇంట్లో ఇంకో సంపాదన లేదు కాబట్టి ఆమె కోపం న్యాయమైనదే. నాకు నామోషీగా ఉన్న మాట కూడా నిజమే. కాని అవ్వా, దుమ్ముకు కాదు.

ఇందాక పెద్దలు మాట్లాడుతూ, దశరథం గారి చేతుల మీదుగా మిల్లుకు ఒక్క నిమిషం కూలి కూడా వృథా పోలేదన్నారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మలు కూడా కొడుతున్నారు. నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

తెలియనివారి కోసం చెబుతాను. మన మిల్లులో కూలి గంటల లెక్కన. మిషిన్ తిరిగిన గంటే గంట, కరెంటు పోతే కూలి కూడా ఆగుతుంది. మిషిన్ దగ్గరి వాళ్లు అప్పుడు బయటికి పోయి కూర్చుంటారు. కాని చాటల్లో పప్పు పోసుకుని రాళ్లు ఏరే ఆడవాళ్లకు కరెంటుతో పనేమిటి? వాళ్లు చాటలను వాకిలి వెలుతురులోకి జరుపుకుని ఏరుతూనే ఉంటారు. ఆ పప్పు బస్తాలకెక్కుతుంది, అమ్ముడుపోతుంది. ఆ ఏరిన సేపు మాత్రం హాజరు గుమాస్తా రాసే ఏ లెక్కలోకీ రాదు.

మొన్న కరెంటు లేనప్పుడు బాపుకు సద్ది తెచ్చి, కూలి లేని పని ఎందుకు చేస్తున్నారని వాళ్లను అడిగాను. ఐలవ్వా, తల దించుకోకు, నీ మాటే చెబుతున్నాను. "చేతులు ముడుసుకొని కూసుంటే షావుకారు ఏమనుకుంటడు బిడ్డా? ముచ్చట పెట్టుకుంట ఏరుతే జర పొద్దన్న పోతది" అంది. పక్కనున్న లస్మవ్వ ఊరుకుంటుందా? "మిషినే మన పెనిమిటి పిల్లా. అది లేస్తెనే మనం బతికున్నట్టు, పంటె సచ్చినట్టు" అంది. (నవ్వులు) నేనూ అప్పుడు ఇలాగే నవ్వాను. నవ్వి చూస్తే ఆమె చేతులు ఆగలేదు.

కరెంటు పోయిన ప్రతిసారీ మా బాపు లేచి బయటికి పోయి లారీ నీడన నిలబడతాడు. బీడీకి పోతాడేమో అనుకునేదాన్ని, మా బాపుకు బీడీ అలవాటు లేదని తెలిసి కూడా. ఆ రోజు ఇంటికి నడుస్తూ అడిగాను. "రూలు నేను పెట్టలే బిడ్డా. చూసుకుంట కూసునుడు నాతోని కాలే" అన్నాడు.



బాపూ, నీ భుజం మీద శాలువా ఇంకా నలగనైనా లేదు, నేను నలుగురిలో ఈ మాట అంటున్నాను. నీ ముఖం చూడలేకపోతున్నాను. నేను తిన్న అన్నం, చదివిన చదువు ఆ కుర్చీ పెట్టినవే. నువ్వు బయట నిలబడ్డప్పుడు నీకు కలిగింది కూడా సిగ్గేనని నాకు తెలుసు, అది పెద్దలు మెచ్చుకున్న వాటన్నిటికన్నా నాకు ఎక్కువ. కాని నువ్వు బయట నిలబడ్డందుకు లోపల ఎవరికీ కూలి పెరగలేదు.

మా బాపును గౌరవించిన షావుకారు గారికీ, ఎండలో ఇంతసేపు కూర్చున్న మీ అందరికీ, నిలబడ్డ అమ్మలకూ కృతజ్ఞతలు. షావుకారు గారు అడిగినదానికి నా జవాబు ఇది. రేపు వచ్చి హాజరు కుర్చీలో కూర్చుంటాను. కరెంటు ఉన్నా పోయినా, ఏరేవాళ్లు ఏరినంత సేపూ కూలి రాస్తాను. అది కుదరదంటే వేరే గుమాస్తాను చూసుకోవచ్చు.

సెలవు.