పై అంతస్తు ఊగిన ఆదివారం: శ్రీమతి వాండా క్లిమెక్ గారికి అభినందన

1976 జూన్ పద్నాలుగవ తేదీన శ్రీమతి వాండా క్లిమెక్ గారు హాలిస్‌బర్గ్ నగర క్రీడాంగణ విభాగంలో సహాయ ఇంజినీరుగా ప్రవేశించిన నాటికి మన నగరానికి రెండు బేస్‌బాల్ స్టేడియాలుండేవి. రెండింటిపైనా ఎవరికీ సదభిప్రాయం లేదు. నదీతీరాన ఫెర్రీ వీధిలో పూర్వతరం కట్టుకున్న చెక్క గ్యాలరీల మైదానం పాఠశాల జట్లకు పరిమితమైపోగా, మన హెరాన్స్ జట్టు హైవే పక్కన గుండ్రటి కాంక్రీటు స్టేడియంలో, ప్లాస్టిక్ పచ్చిక మీద, జూలై ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కుతుండగా ఆడేది.

చేరిన రోజున పర్యవేక్షకులు రస్ హాలోరన్ గారు వాండా గారిని ఎగాదిగా చూసి, "అమ్మాయ్, ఇక్కడ ఆడవాళ్లకి బాత్‌రూమ్ లేదు" అన్నారు.

"అయితే నా మొదటి పని దొరికింది సార్. రేపటికి ప్లాను గీసి తెస్తా" అన్నారు వాండా గారు. తెచ్చారు కూడా.

1983లో ఫెర్రీ వీధి మైదానాన్ని కూల్చి కార్ల పార్కింగు స్థలంగా మార్చాలని నగర మండలి తలపెట్టినప్పుడు, వాండా గారు సభలో లేచి, "పుచ్చింది స్తంభాలండీ, మైదానం కాదు. పన్ను పుచ్చితే పన్ను పీకిస్తాం గానీ తల తీయించుకోం కదా!" అన్న మాటకు మండలి సభ్యులే నవ్వారు. చెక్క స్తంభాల స్థానంలో ఉక్కు స్తంభాలు నిలిచాయి, పాత కప్పు నిలిచింది, మైదానం బతికింది.

కాంక్రీటు స్టేడియానికి మాత్రం ఆ యోగం లేకపోయింది. ఏటా వసంతకాలంలో కారే దాని కప్పుకు మరమ్మతులు చేయించిన వాండా గారే 1997 శీతాకాలంలో దాని కూల్చివేతకూ బాధ్యత వహించారు. అన్నాళ్లూ దాన్ని నోరారా తిట్టిన జనమే దుమ్ము లేచిన క్షణాన కళ్లు తుడుచుకున్నారు.

మిల్ రోడ్డులో ఎర్ర ఇటుకలతో వెలసిన మూడవ స్టేడియం మరుసటి ఏప్రిల్‌లో ప్రారంభం కావలసి ఉంది. మార్చిలో పై అంతస్తులో తనిఖీ చేస్తున్న వాండా గారికి, కూలీల గుంపు మెట్లు దిగుతుండగా కాళ్లకింద నేల సన్నగా ఊగినట్టు తోచింది. నమూనా గీసిన సంస్థవారు తమ లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. ఆమెను తనిఖీ బాధ్యతల నుండి తప్పించమనీ కోరారు. అప్పటికి డైరెక్టరైన హాలోరన్ గారు ఇరకాటంలో పడ్డారు.

"టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి వాండా. మేయర్ గారు మొదటి బంతి విసురుతున్నారు. నీ కాళ్లకేదో అనిపించిందని ఆయనకెలా చెప్పను?"

"మీరేం చెప్పక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని రమ్మనండి. చేతిలో కాఫీ ఉంటే మరీ మంచిది."

ఆ ఆదివారం వాండా గారు పై అంతస్తు కింద తాత్కాలికంగా ఇనుప ఊతలు నిలబెట్టించి, ప్రమాదం లేదని తేల్చుకున్న పిమ్మట, తమ చర్చి జనాన్నంతా అకార్డియన్ వాద్యాల మేళంతో సహా పైకెక్కించారు. ఊగాలని కోరుకోవాలో, ఊగకూడదని కోరుకోవాలో వాండా గారికే తెలియలేదట. పొద్దున్నే భర్త లెనార్డ్ గారితో, "ఊగకపోతే రేపట్నించి నీ బేకరీలో రొట్టెలు కాలుస్తా" అని మాత్రం అన్నారట.

పోల్కా నాట్యం మొదలైంది. వందల కాళ్లు ఒక్క తాళానికి నేలను తన్నాయి. మేయర్ గారి కప్పులో కాఫీ ముందు వణికింది, తర్వాత అలలెత్తింది, ఆపైన ఆయన తెల్ల చొక్కా మీదికి దూకింది.

"ఆపండి బాబూ, ఆపండి! హాలోరన్, ప్రారంభ అనుమతి మీద ఎవ్వరూ సంతకం పెట్టొద్దు!"

"అప్పుడేనా? ఇంకా రెండు పాటలున్నాయి సార్!" అని అకార్డియన్ పెద్దాయన నొచ్చుకున్నారు.

ఆ సీజను మొదటి ఆట ఫెర్రీ వీధిలో జరిగింది. గ్యాలరీలు చాలక జనం నది గట్టున, పక్క ఇళ్ల కప్పుల మీద నిలబడి చూశారు. అదనపు దూలాలతో బలపడిన మిల్ రోడ్డు స్టేడియం ఆగస్టులో తెరుచుకుంది. నాటి నుండి నేటి వరకు అక్కడ ఊగింది ప్రేక్షకులే గాని అంతస్తు కాదు.

2001లో ప్రధాన ఇంజినీరు పదవిని అలంకరించి, మాబోటి ఎందరికో ఎవరి పాదాలను వారు నమ్మడం నేర్పిన వాండా గారు నేడు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. మొన్నటి వీడ్కోలు విందులో, పిరోగీ పిండివంటల పళ్లెం పక్కకు జరిపి లెనార్డ్ గారు అన్న మాట ఇక్కడ చెప్పక తప్పదు.

"ఈవిడ ఏ ఆటకెళ్లినా మైదానానికి వీపు పెట్టి స్తంభాల్నీ జనాన్నీ చూస్తూ నిలబడుతుంది. ఇంటికొచ్చాక 'ఎవరు గెలిచారు?' అని నన్నడుగుతుంది. ఇక నేను చెప్పను!"

శ్రీమతి వాండా క్లిమెక్ గారు ఆయురారోగ్యాలతో, లెనార్డ్ గారి పక్కన, మొదటి వరుసలో, మైదానానికి అభిముఖంగా కూర్చుని, ఎవరు గెలిచారో తమ కళ్లతోనే చూసే వసంతాలు అనేకం అనుభవించాలని మన విభాగం యావత్తూ మనసారా ఆకాంక్షిస్తున్నది. అమ్మా, నిశ్చింతగా కూర్చోండి. స్తంభాలను ఇక మేము చూసుకుంటాం.