ఎంతమందని అడుగు, ఎవరని కాదు

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న కోటేశ్వరి, ఎదురుగా వస్తున్న పెద్దాయన్ని చూసి గబుక్కున లేచి నిలబడింది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆమెకు పని నేర్పింది ఆయనే. నిన్న అక్కడ అమ్మోనియా గ్యాస్ లీకైనప్పుడు లోపల చిక్కుకున్న ఇద్దరిలో ఒకడు ఆయన కొడుకు.

“కూర్చోమ్మా. మా నాగూర్ కళ్లు తెరిచాడు. ఇడ్లీ కావాలంటున్నాడు.”

“అమ్మయ్య! రెండోవాడు కూడా లేచి కూర్చున్నాడండి, బాబాయ్.”

“గేటు దగ్గర అంతా అంటున్నారు, నువ్వు రెండు నిమిషాలు బయటే నిలబడ్డావని.”



“నిలబడ్డానండి. మీరు నేర్పిన వరసే. గాలి ఎటు? లోపల ఎంతమంది? తాడు పట్టేవాళ్లున్నారా? మూడింటికీ పైకి జవాబు చెప్పి, మాస్కు తగిలించుకునేసరికి అంతసేపు పట్టింది.”

“లోపల ఎవరున్నారని అడగలేదా?”

“మీరు ఎంతమందని అడగమన్నారు గానీ, ఎవరని అడగమనలేదు కదండీ. బయటికి లాక్కొచ్చాక మొహం చూస్తే మన నాగూర్. అప్పటిదాకా తెలియదు.”

పెద్దాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

“ఆ ప్రశ్న మొదట్లో ఉండేదమ్మా. నేనే తీసేశాను.”

“ఎందుకండీ?”

“పాతికేళ్ల కిందట ఇలాగే గ్యాస్ లీకైతే, లోపల ఎవరని అడిగాను. మీ తమ్ముడన్నారు. మాస్కు మాటే మర్చిపోయి లోపలికి ఉరికాను. ఇద్దరం పడిపోయాం. నన్నొక్కణ్ణే బతికించగలిగారు.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

“నిన్న అక్కడ నేనున్నా, మళ్లీ అదే అడిగేవాణ్ణి తల్లీ. నువ్వు అడగలేదు. అందుకే వాడివాళ ఇడ్లీ అడుగుతున్నాడు.”