సాక్షి దిమ్మ

వెజేర్ ఏటి పక్క, ఆదిమానవుల ఆనవాళ్ళ కోసం తవ్వుతున్న రాతిచూరు కింద ప్రొఫెసర్ రుబేరి, ఆయన శిష్యురాలు సోలెన్ ఇద్దరే మిగిలారు. తక్కినవాళ్ళు బాతుమాంసం రొట్టెలు తినడానికి పోయారు. సాక్షిగా తవ్వకుండా వదిలేసిన, ముప్పయ్యేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదని చెప్పుకుంటున్న మట్టిదిమ్మకి వెనకవైపు, వాళ్ళటు వెళ్ళగానే, ఎవరో తవ్వి పూడ్చిన పెద్ద కన్నం సోలెన్ కంటపడింది. ఆమెకి ఆకలి చచ్చింది గానీ కోపం మాత్రం నిక్షేపంలా ఉంది.

“అయితే నియాండర్తాల్ ఆదిమానవుడికి దగ్గు ఉండేదన్నమాట, మాస్టారూ.”

“ఏమిటమ్మాయ్?”

“ఈ కన్నంలో, యాభై వేల ఏళ్ళ మట్టిలో, సోంపు బిళ్ళల డబ్బా. మీ జేబులో ఉండే రకమే. పాపం, చప్పరించుకుంటూ గుర్రం తొడ కోసుకునేవాడేమో.”

“నక్క లాక్కొచ్చుంటుంది. బొరియలు చూళ్ళేదూ?”

“నక్క మూత కూడా బిగించి వెళ్ళిందా?”

“నీకన్నీ వేళాకోళమే.”

“పంటి మీద గీతలు చూసి వాడిది ఎడమచేతి వాటమో కాదో చెప్తారు. జింక దవడ చూసి ఏ నెలలో చచ్చిందో చెప్తారు. డబ్బా చూసి ఎవరిదో చెప్పలేరూ?”

“ఎండగా ఉంది. తర్వాత మాట్లాడుకుందాం.”

“‘ఈ దిమ్మ మనది కాదు. మనకన్నా మంచి పరికరాలతో రేపటివాళ్ళొస్తారు, వాళ్ళకి వదలాలి.’ ఏటేటా కొత్తవాళ్ళకి మీరు చెప్పే మాట. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.”

“బాగా చెప్తానని పేరుంది.”

“ఎప్పుడు తవ్వారు?”

“తవ్వడమంటే... కొంచెం...”

“ఎప్పుడు?”

“ఆదిమానవుల పొయ్యి దొరికిన మరుసటేడు. సగం దిమ్మ బయట దొరికింది, మిగతా సగం దీన్లోనే ఉండాలి. ఆగలేకపోయాను.”

“ఏం దొరికింది?”

“నల్లమట్టి.”

“నల్లమట్టంటే? బొగ్గా?”

“బొగ్గు లేదు. బూడిద లేదు. కాలిన ఎముక ఒక్కటి లేదు. నీళ్ళు ఊరి నల్లబడ్డ మట్టి, అంతే. బయటి సగమూ అదే.”

“అంటే పొయ్యే లేదా! మరి మ్యూజియంలో మంట చుట్టూ చలి కాచుకుంటున్న ఆ మైనపు కుటుంబం?”

“బొమ్మలు బాగా కుదిరాయి.”

“భేష్! ముప్పయ్యేళ్ళు వాళ్ళని ఉత్త మట్టి ముందు కూర్చోబెట్టారు. రేపు పొద్దున మట్టి పరీక్షలు చేసేవాళ్ళు ఈ దిమ్మకే వస్తున్నారు. నేనే చెప్పేస్తాను.”

“చెప్పు. తప్పకుండా చెప్పు. నీ థీసిస్ దేని మీదమ్మాయ్?”

“దాని సంగతెందుకిప్పుడు?”

“దేని మీద?”

“...ఈ పొయ్యి మీదే.”

“ఎన్ని పేజీలు?”

“నాలుగొందలు.”

“నేను దిగిపోతే నా కుర్చీ నీకిస్తున్నది దేన్ని చూసి?”

“మీరు నన్ను బెదిరిస్తున్నారా?”

“లేదమ్మా. అడుగుతున్నా. ఆ రోజు నన్నెవరూ అడగలేదు.”

“వాళ్ళెంతసేపట్లో వస్తారు?”

“రొట్టెలు తినేసి వచ్చేస్తుంటారు. ఏం చేద్దామంటావ్?”

“మాస్టారూ.”

“ఊఁ.”

“మళ్ళీ అలాగే పూడ్చాలి. అప్పుడు మట్టి ఏ వరుసలో నింపారో గుర్తుందా?”