నాన్న వల్లెవేసిన వాసన

నేలమాళిగలో, మట్టిలో మెడదాకా పాతిన జాడీలోంచి తండ్రి గరిటెడు ద్రాక్షసారా తీసి రుచి చూశాడు.

"అమృతం! ఏడు తరాల చేతి చలవ. పైన కూర్చున్న బేరగాళ్ళను పిలవమ్మా."

కూతురు గరిటె అందుకుని ముఖం చిట్లించింది. "బూజు కంపు కొడుతోంది, నాన్నా!"

"నాలుగు పుస్తకాలు చదివి నాకే చెప్తావా?"

ఆమె తన అరచేతిని ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఇదేం వాసన?"

"ఇంకేం వాసన? ద్రాక్షే."

"కిరసనాయిలు, నాన్నా. ఇందాకే దీపంలో పోశాను. వాసన తెలియక ఎన్నాళ్ళయింది?"

"చలికాలంలో జ్వరం వచ్చినప్పటి నుంచి. మీ అమ్మకీ చెప్పలేదు. మనింటి మాట నమ్మి కొంటారు తల్లీ జనం. అది నాతోనే పోతుందా?"

"పోదు. వాసన నేను చూస్తాను."

"మాట మాత్రం నన్నే చెప్పనీ. ఈ జాడీ పారబోస్తున్నామంటాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?"

"తడి గోనెసంచి వాసన వస్తోందని చెప్పు."

"తడి గోనెసంచి... తడి గోనెసంచి..." అని పాఠం వల్లెవేసుకుంటూ ఆయన మెట్లెక్కాడు.