లిఫ్టెక్కిన తెల్ల బంతి

ఆగు టైలరూ, ఆ కర్ర అప్పుడే సంచిలో పెట్టి గోడకి తగిలించకు. ఎవరికి కావాలంటే వాళ్లు ఆడుకోండని చెప్పి వెళ్లిపోదామనుకుంటున్నావు కదూ. నాకు తెలుసులే. నిన్న మీ బామ్మర్ది చేతిలో ఓడిపోయావు, అదీ ఈ పూల్ టేబుళ్ల హాలంతా చూస్తుండగా, పైగా వాడు పోతూ పోతూ నీ భుజం తట్టి మరీ వెళ్లాడు. ఓడినందుకు కాదు, ఆ భుజం తట్టినందుకు నీకు నిద్ర పట్టి ఉండదు. కూర్చో. అమ్మాయ్, టైలర్‌కి ఓ టీ ఇవ్వు, నాకూ ఓటి, పంచదార దగ్గర మొన్నటిలా పిసినారితనం చెయ్యకు. నువ్వు రావడం మానేస్తే సాయంత్రాలు నాకు తోచి చావదు, అది వేరే సంగతి. టీ తాగేదాకా నేను చెప్పేది విను, ఆ తర్వాత నీ ఇష్టం.

అసలు మనిషికి ఆట ఎందుకు బాగుపడుతుందో చెప్పనా? ఈ టాక్సీ డ్రైవర్ని అడిగితే పందేల కోసం అంటాడు. మన టీ అమ్మాయిని అడిగితే ఇంటికెళ్లడానికి బద్ధకమై అంటుంది.

— అంతేగా మరి, బాబాయ్?

అంతే కాదమ్మా. రోషం. మనిషన్నవాడికి రోషం ఒక్కటుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఆ రోషం పుట్టించడానికే దేవుడు లోకంలో బామ్మర్దుల్ని పుట్టించాడు.

నేను లిఫ్టుల మెకానిక్‌గా ఉన్న రోజుల్లో, పని అయ్యాక ఇక్కడికొచ్చి ఏదో నలుగురితో పాటు ఆడేవాణ్ని. గొప్పలు చెప్పుకోకూడదు, తెల్ల బంతిని కొడితే అది ఏదో ఒక బంతికి తగిలేది, అంతవరకే. ఒకరోజు మా అత్తగారింట్లో అందరం భోజనాల దగ్గరుంటే మా బామ్మర్ది అన్నాడు కదా, బావకి జనాన్ని పైకెక్కించడం వచ్చు గానీ బంతిని పాకెట్లోకి దించడం రాదు అని. మా మామగారికి నీళ్లు తాగుతుంటే పొలమారింది. మా అత్తగారు మొహం అటు తిప్పుకుంది. మా ఆవిడ, నా సొంత భార్య, నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. కంచం ముందు కూర్చున్నానే గానీ ముద్ద దిగితే ఒట్టు.

ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? మా ఇంట్లో భోజనాల బల్లకి నాలుగు మూలలా గిన్నెలు వేలాడదీశాను. బంతులకి బదులు ఉల్లిపాయలు, క్యూ కర్రకి బదులు బూజు కర్ర. మా ఆవిడ వంటింట్లోంచి ఏ ఉల్లిపాయ ఏ గిన్నెలో పడాలో చెప్పేది, నేను వేసేవాణ్ని. కొన్నాళ్లకి అవి పొట్టు ఊడి మరీ పడేవి.

— తరిగి కూడా పడేవా?

డ్రైవరూ, అబద్ధం చెప్పమంటావా? రెండు ముక్కలయ్యేవి, అంతే. సన్నగా మా ఆవిడే తరుక్కునేది.

ఇంక చెయ్యి తిరిగింది కదా, ఎక్కడికెళ్లినా అదే చూపు. ఓ ఆఫీసులో పొద్దుటిపూట లిఫ్టు కిక్కిరిసి ఉండేది. వెనక గోడకి ఆనుకుని ఓ లావుపాటి క్యాషియరు. ఆయన భుజాన్ని వేలితో ఇలా తాకేవాణ్ని. ఆయన పక్కాయనకి, పక్కాయన ముందావిడకి తగిలి, ఎవరి అంతస్తులో వాళ్లు దిగిపోయేవాళ్లు. క్యాషియరు మాత్రం ఉన్నచోట ఉన్నట్టే. ఇంక ఆ లిఫ్టుకి బటన్లు ఎందుకని మేనేజరు నన్ను పిలిచి అడిగాడు కూడా.

నవ్వుకోండి. టైలర్ నవ్వట్లేదు చూడండి, ఆ మంట వాడికి తెలుసు.

అప్పుడు పిలిచాను మా బామ్మర్దిని. ఇదిగో, ఈ కిటికీ పక్క టేబులే. ఆడాం, ఆడాం, చివరికి నాకు నల్ల బంతి ఒక్కటే మిగిలింది. అదేమో అదిగో ఆ మూల పాకెట్‌కి జానెడు దూరంలో, టేబుల్ అంచు గట్టుకి అతుక్కుని కూర్చుంది. దానికీ తెల్ల బంతికీ మధ్య మా బామ్మర్ది బంతులు మూడు, టికెట్ల కోసం వరసలో నిలబడ్డట్టు అడ్డం. కర్ర మొనకి సుద్ద రాశాను, ఊపిరి బిగబట్టి కొట్టాను. తెల్ల బంతి ఎదుటి గట్టుకి తగిలి ఎగిరింది, ఆ గుమ్మంలోంచి బయటికి పోయింది, లిఫ్టు తెరిచి ఉంటే అందులోకెళ్లింది, తలుపులు మూసుకున్నాయి. మా బామ్మర్ది పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆట ఇంకా అవ్వలేదు బాబూ అని నేను కుర్చీలో కూర్చుని టీ చెప్పాను. ఆ లిఫ్టు నేను బాగుచేసిందే, నా నమ్మకం నాది. కింద బంతి రోడ్డెక్కింది. ఎర్ర లైటు పడితే ఆగింది, పచ్చ లైటు పడ్డాక కదిలింది.

— ఇక్కడ కూర్చున్నవాడివి, నీకెలా తెలుసు?

కిటికీ ఎందుకుందమ్మా మరి? ఎదుటి ఫుట్‌పాత్‌కి తగిలి వెనక్కి మళ్లింది, పోస్ట్‌మాన్ సైకిలు ఆపి దారిచ్చాడు, పై అంతస్తు ఆవిడెవరో జాలిపడి లిఫ్టు బటన్ నొక్కింది. ఇక్కడ మేం టీ తాగేశాం, గ్లాసులు కడగడం కూడా అయిపోయింది. అప్పుడు తెరుచుకుంది తలుపు. బంతి వచ్చింది, గుమ్మంలో కాళ్లు తుడుచుకునే గోనెపట్టా మీద దొర్లి దుమ్ము తుడుచుకుంది, టేబుల్ ఎక్కింది, ఆ మూడు బంతుల్నీ తప్పించుకుని, ఇటు గట్టుకి తగిలి, నల్ల బంతిని చంటిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమిరింది. నల్లది పాకెట్లో పడింది. మా బామ్మర్ది ఇప్పటికీ నా మొహంలోకి చూసి మాట్లాడడు.

— అది పడదు.

ఎవరది, టైలరా? ఏది పడదు?

— లిఫ్టు సంగతి పక్కన పెట్టు బాబాయ్. చివరి దెబ్బ. నల్ల బంతి గట్టుకి అతుక్కుని ఉంటే, మధ్యలో ఆ మూడూ ఉంటే, ఆ పాకెట్లో పడదు.

నీకు పడదేమో, నాకు పడింది.

— మాటలు కాదు. ఎలా ఉన్నాయో పెట్టి చూపించు.

చూపిస్తానయ్యా, భయమా నాకు. ఇదిగో నల్లది ఇక్కడ. ఇవి మూడూ ఇలా. తెల్లది ఇంకాస్త అవతలికి. సంచి విప్పుతున్నావేంటి? ఊఁ, కొట్టి చూసుకో. చూశావా, పడలేదు. నేను పడుతుందని ఎక్కడన్నాను, నాకు పడిందన్నాను. ఏంటీ, తెల్ల బంతిని కాస్త కిందగా, పక్కకి కొడితే? నాకేం తెలుసు నాయనా, నాది చేతి అలవాటు. మళ్లీ కొట్టు. అరెరే, వెంట్రుకవాసిలో పోయింది. నేనైతే ఇలా పోనిచ్చేవాణ్ని కాదు మరి. కోపమెందుకయ్యా, ఉన్నమాట అన్నాను.

టీ చల్లారిపోతోంది టైలరూ. వినిపించుకోడు. డ్రైవరూ, కాస్త జరుగు, వాడి మోచేతికి అడ్డొస్తున్నావు.

— పడింది.

నల్లదేనా? గట్టుకి ఉన్నదే? ఏమో, గాలివాటంగా పడి ఉంటుంది. నిజంగా ఆట వచ్చినవాడికి రెండోసారి కూడా పడాలి.

— బాబాయ్.

ఏంటమ్మాయ్?

— మొన్న మీ ఆవిడ వచ్చినప్పుడు చెప్పింది. వాళ్ల పుట్టింట్లో నలుగురూ ఆడపిల్లలే అట కదా. మరి నీకు బామ్మర్ది ఎక్కణ్నుంచి వచ్చాడు?

మెల్లగా తల్లీ. వాడు మళ్లీ బంతులు పేరుస్తున్నాడు.