సగం సీసా

ఆదివారం పొద్దున్నే విజయవాడ బస్టాండులో మైలవరం బస్సు కోసం కూర్చున్నాను. నా వెనక బెంచీ మీద, బూట్ల తాళ్ళు బిగించుకుంటున్న కూతురికి ఒక తండ్రి నచ్చజెబుతున్నాడు.

“కొండ ఎక్కొద్దనటంలేదమ్మా. ఒక్కదానివే వద్దంటున్నా. మీ బావ ప్రద్యుమ్నని తీసుకెళ్ళు.”

“బావ సగం దూరం సెల్ఫీలు దిగుతాడు, మిగతా సగం కూర్చుంటాడు. ఒక్కదాన్నే అయితేనే నాకు కాలు కుదురుగా పడుతుంది నాన్నా.”

“అక్కడ మెట్లుండవంటగా, రాళ్ళు పట్టుకుని పాకాలంటగా. జారితే?”

“రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు గట్టిగా ఆనితేనే నాలుగోది కదుపుతా.”

“పైకెళ్ళాక ఓపిక అయిపోతే?”

“చిన్నప్పుడు మంగళగిరి తీసుకెళ్ళావు గుర్తుందా? పూజారిగారు పానకం పోస్తే స్వామి ఎంత తాగుతాడు?”

“సగం. మిగతా సగం మనకే వదిలేస్తాడు.”

“నా పద్ధతీ అదే. సీసాలో నీళ్ళు సగానికి రాగానే, ఎక్కడున్నా సరే వెనక్కి తిరిగేస్తా. మిగతా సగం దిగడానికి.”

“చెప్పడం తేలికే. శిఖరం ఎదురుగా కనబడుతుంటే ఎవరైనా తిరుగుతారా?”

“పోయిన ఆదివారం నేను తిరిగా. ఇంకో తాటిచెట్టంత ఎత్తు మిగిలింది. అందుకే ఇవాళ మళ్ళీ వెళ్తున్నా.”

“తాటిచెట్టంతేనా? అయ్యో, అంత దగ్గరకెళ్ళి దిగొచ్చేశావా? ఇంకో రెండు గుక్కలు తాగి ఎక్కెయ్యకపోయావా!”

“చూశావా! ఒంటరిగా పంపకూడనిది నన్ను కాదు నాన్నా, నిన్ను.”

బస్సు వచ్చి ఆగింది. ఆయన నవ్వుతూనే సంచిలో చెయ్యి పెట్టాడు.

“సరేలే. ఇదిగో, పెద్ద సీసా. ఇది కూడా పట్టుకెళ్ళు.”

“ఇవ్వు. కానీ ఇందులోనూ సగమే.”