బోంగ్-ఛీ మెడలో పలక

ఏమే అమ్మడూ, మొహం అలా మాడ్చుకుని వచ్చావేం? ఏంటీ, అల్లరి చేసినవాళ్ల పేర్లు టీచరుకి చెప్పావని క్లాసులో ఎవరూ నీతో మాట్లాడటం లేదా? మరి మాట్లాడతారా! మానిటరంటే నలుగురి నోళ్లకీ కాపలా కాయడమనుకున్నావు. సరేలే, ఏడవకు. ఆ తొడుగు చేతికేసుకుని నాలుగు ఆల్చిప్పలు విప్పు, మా బోంగ్-ఛీ సంగతి చెబుతాను. కత్తి అలా కాదు తల్లీ, అతుకు దగ్గర పెట్టి తిప్పాలి. ఆఁ, అలా. ఏం, పేరు వింటే నవ్వొస్తోందా? ఆ రోజుల్లో ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడితే పెట్టే పేరే అది. పుట్టింది గదా, ఏం చేస్తాం, ఎలాగోలా పెంచుదాం అని. ఉప్పు మళ్లలో పనిచేసే ఖూ వాళ్ల పిల్ల. నల్లగా, పుల్లలా ఉండేది. బెంచీలో నా పక్కనే. చదువులో దాన్ని కొట్టేవాడు లేడు. బళ్లో నేర్పే సర్కారు భాష మాండరిన్ అయితే రేడియోలో వార్తలు చదివే ఆవిడలా మాట్లాడేది. మా టెంగ్ మాస్టారు సముద్రం అవతల్నించి వచ్చినాయన, ఆయన మాండరినే వాళ్ల ఊరి యాసలో గరగరలాడేది, ఇది మాత్రం తేనె పోసినట్టు చదివేది.

అవునే, అప్పట్లో బడిగేటు దాటి లోపలికెళితే మాండరినే, మన ఊరి భాష మాట్లాడకూడదు. నోరు జారితే మెడలో చెక్క పలక వేసేవాళ్లు, 'నేనిక ఊరి భాష మాట్లాడను' అని రాసి. అది వదలాలంటే ఒకటే దారి. ఇంకొకరు నోరు జారినప్పుడు పట్టుకుని వాళ్ల మెడలో వెయ్యాలి. ఇక చూస్కో, ఒకళ్ల వెనక ఒకళ్లు దొంగల్లా తిరిగేవాళ్లం. మీ తాత ఉన్నాడే, మా క్లాసు మానిటరు, ఈ విద్యలో ఘనుడు. వెనకాలే వచ్చి కాలు తొక్కేవాడు. నొప్పొస్తే మనిషి మాండరిన్లో అరుస్తాడా ఎక్కడైనా? అమ్మో అన్నావా, పలక నీ మెడలో. నవ్వకు, లోపల వింటున్నాడు. టీవీ పెట్టుకున్నాడు గానీ చెవులు ఇటే ఉంటాయి.

ఎక్కడున్నాను? ఆ, బోంగ్-ఛీ. దానికి ఎప్పుడూ పలక పడలేదు. ఒకరోజు ఒకటో తరగతి పిల్లాడెవడో మెట్ల మీద పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. ఇది పరిగెత్తుకెళ్లి ఎత్తుకుని, 'ఏం కాలేదు నాన్నా, ఏడవకు' అంది మన భాషలో. ఆ చంటాడికి మాండరిన్ ఏం తెలుసని! అంతే, పలక వచ్చిపడింది. సరే, సాయంత్రానికి ఎవరో ఒకర్ని పట్టుకుంటుందిలే అనుకున్నాం. పట్టుకోదే! మా మధ్యే కూర్చుని ఎవడేం మాట్లాడినా విననట్టే ఉండేది. మర్నాడూ దాని మెడలోనే. ఆ మర్నాడూ అంతే. మాకేం, పండగే. పలక కదలదని తెలిశాక మేం ఇష్టమొచ్చినట్టు మన భాషలో వాగడం మొదలెట్టాం. అదిగో, అప్పుడొచ్చింది దానికి కోపం. మధ్యాహ్నం అన్నాలప్పుడు బెంచీ మీదికెక్కింది. 'నేను పట్టుకోనని తెలిసి వాగుతున్నారు, సిగ్గులేదూ మీకు? ఎవడో కాపలా ఉంటేనే నోరు కట్టుకుంటారా? మనం కుక్కలమా ఒకళ్లనొకళ్లు కరవడానికి? ఎవరి నోరు వాళ్లు చూసుకోండి. జారిందా, లేచొచ్చి మీ చేత్తో మీరే పలక తీసుకోండి. నేనైతే ఎవరి మెడలోనూ వెయ్యను' అంది. మీ తాత, 'అబ్బో, మహారాణి వచ్చిందండీ' అన్నాడు. అందరూ నవ్వారు. ఒక్కళ్లూ లేవలేదు.

కానీ దానికి లోపల ఎంత భయమో నాకు తెలుసు. వాళ్ల నాన్న ముందే చెప్పాడట, 'బడినించి ఒక్క పిలుపు వచ్చిందా, పుస్తకాలు మడిచి ఉప్పు మడిలోకి వచ్చెయ్' అని. ఆ ఏడాదే పై చదువుల బడికి పరీక్ష. అది రాయకపోతే దాని చదువు అక్కడితో సరి. 'ఒసే, ఎవరో ఒకర్ని పట్టుకోవే, నన్నే పట్టుకో, ఇప్పుడే ఏదో అంటాను' అని బతిమాలాను. చూసింది నావంక. 'నువ్వు కావాలని అంటే అది జారినట్టా?' అంది. అలాంటి మొండిది. నాకు ఇప్పటికీ అదంటే ప్రాణం. పరీక్ష రాసింది, ఆ, రాసింది, పాసయింది, నర్సమ్మయింది. మీ అమ్మ పుట్టినప్పుడు నా పక్కన ఉన్నది అదే. ఆ తర్వాత కొన్నాళ్లకే కాలేయం జబ్బుతో చనిపోయింది, చిన్న వయసే. పోనీలే, అది వేరే సంగతి.

పలక పడి వారం తిరిగేసరికి మాస్టారు బోంగ్-ఛీ ఇంటికి కబురుపెట్టారు. వాళ్ల నాన్న పనిలోంచే వచ్చాడు, కాళ్ల నిండా ఉప్పు తెల్లగా ఎండిపోయి. గుమ్మం దగ్గరే టోపీ తీసి నిలబడ్డాడు. మాస్టారు మాండరిన్లో ఏదో చెప్పారు. ఆయనకి ఒక్క ముక్క తెలీదు. 'ఏం చేసింది సార్ మా పిల్ల?' అన్నాడు మన భాషలో. అది మాస్టారికి తెలీదు. ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు. మధ్యలో ఎవరైనా చెప్పాలా? చెబితే మన భాష మాట్లాడినట్టే గదా! బోంగ్-ఛీ తల దించుకుని నిలబడింది, పలక తాడు పట్టుకుని. అప్పుడు లేచాడమ్మా మీ తాత. చెవులు ఎర్రగా కందిపోయాయి. 'బాబాయ్, మీ అమ్మాయి వారంగా పలక మోస్తోందని మాస్టారంటున్నారు. ఇక్కడ మన భాష మాట్లాడితే పలక పడుతుంది, ఇంకొకర్ని పట్టించి వదిలించుకోవాలి. ఇది ఎవర్నీ పట్టించదు, అందుకే దానికి వదల్లేదు' అన్నాడు మన భాషలోనే. అని తిన్నగా దాని దగ్గరికి వెళ్లి, 'నేను మాట్లాడాను, ఇటివ్వు' అని చెయ్యి చాపి పలక తీసుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదే వాణ్ణి! నాకు ఏడుపాగలేదు. నేనూ లేచాను, 'నేనూ మాట్లాడాను' అని. ఇంకెవరో లేచారు. వెనక బెంచీలో వాళ్లూ లేచారు. మాస్టారు, పాపం, ఎవర్నీ తిట్టలేదు.

వాళ్ల నాన్న నిదానంగా నడిచొచ్చాడు. మీ తాత చేతిలోంచి పలక తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఆయనకి చదువు రాదుగా. 'మాట్లాడినవాళ్లు తీసుకోవాలా? వచ్చిందగ్గర్నించీ మాట్లాడుతున్నది నేనేగా' అని తన మెడలో వేసుకున్నాడు. మాస్టారికి వంగి దణ్ణం పెట్టాడు. కూతురితో, 'సాయంత్రం దాకా చదువుకుని రా' అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. బజారు వెంట ఆ పలకతోనే నడిచాడట. చేపల దుకాణం ఆవిడ, 'ఏంటయ్యా, ఆ మెడలో?' అంటే, 'మా అమ్మాయిది. ఇవాళ నా వంతు' అన్నాడట.

...

ఆ గిన్నె ఇలా జరుపు. చూడు, పెంకు ముక్కలన్నీ మాంసంలో కలిపేస్తున్నావు.